900 మిగిల్చిన ఇంజిన్ ఆయిల్.. 48 వేల బిల్లు!

మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది. బెంగళూరు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. నాయన ఫోన్. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి కూడా మోగితే బయటికొచ్చి ఎత్తాను.

‘‘అబ్బీ, కార్లో ఎర్ర లైటు వచ్చినాది. కూజా మాదిరి బొమ్మ, కొసన చుక్క కారుతా ఉండాది. నిలిపేయాల్నా, పోవచ్చా?’’

రైల్వే కోడూరు దాటి శెట్టిగుంట వైపు పోతున్నాడు. వెనక సీట్లో మా వీధిలో ఉండే పెద్దమ్మ, ఆమె కొడుకు. తిరుపతి ఆసుపత్రిలో ఆమెను రెండు గంటలకల్లా డాక్టరుకు చూపించాలి. నాయనకు ఆ తొందర. నాకు మీటింగ్ తొందర.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను చదివింది బీటెక్ మెకానికల్. ఐసీ ఇంజిన్స్ పేపర్లో మంచి మార్కులే వచ్చాయి. లూబ్రికేషన్ సిస్టమ్ బొమ్మ నీట్‌గా గీసి, పెన్సిల్‌తో బాణం గుర్తులు కూడా పెట్టినోణ్ని. తర్వాత మన బ్యాచ్‌లో సగం మందిలాగే సాఫ్ట్‌వేర్‌కి వచ్చేశాను. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: ‘‘మెల్లగా పోనియ్ నాయనా. తిరుపతికి పోయినాక చూపిద్దాం.’’

కారు తిరుపతి చేరలేదు. బాలపల్లె అడవి దారిలో ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది. పెద్దమ్మను ఆ ఎండలో అరగంట నిలబెట్టి, వచ్చిన ఆర్టీసీ బస్సు ఎక్కించారు. కారును ఇంకో బండికి తాడు కట్టి వెనక్కి లాక్కొచ్చారు. బేరింగులు, టర్బో, లేబర్ అన్నీ కలిపి బిల్లు 48 వేలు. అవి చెల్లెలి హాస్టల్ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులు.

అందుకే ముందుగా ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. మిగతా ఆర్టికల్ చదవకపోయినా పర్లేదు. ఇంజిన్ తిరుగుతుండగా ఆ ఎర్ర కూజా లైటు వెలిగిందంటే ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని అర్థం. బండి పక్కకు తీయండి, వెంటనే ఇంజిన్ ఆపండి. ‘మెల్లగా పోనిస్తే’ అనే ఆప్షన్ లేదు. లోపల ఇనుము మీద ఇనుము రాసుకుంటున్నప్పుడు మెల్లగా రాసుకున్నా అరుగుతుంది. కొన్ని కార్లలో ఆయిల్ లెవల్ తగ్గితే పసుపు లైటు వస్తుంది. దానికి కాస్త టైమ్ ఉంటుంది, ఎర్రదానికి ఉండదు.

సంపు విప్పితే తారు

ఆ వారం లీవు పెట్టి ఊరికి పోయాను. మాది ఓబులవారిపల్లె మండలం మంగంపేట. ముగ్గురాయి గనుల ఊరు. బెరైటీస్ అంటే ఇంకొందరికి తెలుస్తుంది. ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిల్వల్లో మాది ఒకటి. ఏపీఎండీసీ తవ్విస్తుంది, చుట్టూ పొడి మిల్లులు. ఆ పొడి ఎక్కువగా పోయేది ఆయిల్ బావులు తవ్వే పనికి. ఈ రాయి నీటికంటే నాలుగింతలు బరువు. అందుకే డ్రిల్లింగ్ బురదలో కలిపి, బావి లోపలి ఒత్తిడి పైకి తన్నకుండా ఆపుతారు. అంటే ఎక్కడో క్రూడాయిల్ బయటికి రావడానికి మా ఊరి రాయి సాయం పడుతుంది. ఆ క్రూడ్ నుంచి తీసిన ఇంజిన్ ఆయిల్ డబ్బాల్లో మళ్లీ మా ఊరికే వస్తుంది. దాన్ని సరిగ్గా కొనడం మాత్రం మాకు తెలీలేదు.

మా కారు 2014 మోడల్ డీజిల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నాయన దాన్ని కడప, రాజంపేట, తిరుపతి ట్రిప్పులకు తిప్పుతాడు. మెకానిక్ భాయ్ సంపు విప్పి, వేలితో ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టాడు. నల్లగా, జిగటగా ఉంది.

‘‘తమ్ముడూ, ఇది ఆయిల్ కాదు, తారు. ఆయిల్‌ను పైకి లాగే జల్లెడ మూసుకుపోయింది. లోపల ఆయిల్ కూడా లీటరున్నరకు మించి లేదు.’’

ఎందుకలా అయిందో ముగ్గురం కూర్చుని వెనక్కి లెక్క తీశాం. మూడు తప్పులు బయటపడ్డాయి. పోయినసారి డ్రమ్ములోంచి పోసే లూజ్ ఆయిల్ పోయించారు. డబ్బా ఆయిల్ కంటే 900 తక్కువ పడింది. అది ఏ గ్రేడో అడిగితే ‘‘చిక్కగా ఉండాది, మన ఎండలకు ఇదే కరెక్ట్’’ అన్నారట. పది వేల కిలోమీటర్లకు మార్చాల్సింది 18 వేలు తిప్పారు. ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేదు. ఇంత జరిగినా మధ్యలో ఒక్కసారీ డిప్‌స్టిక్ తీసి చూడలేదు.

నాయన పిసినారి కాదు. చవగ్గా దొరికేది కొనడం ఇంట్లో అందరం చేసే పనే. చవక అంటే ఏంటో మాకు అర్థం కాలేదు, అంతే. ఆ తర్వాత నాలుగు వీకెండ్లు కూర్చుని మాన్యువల్, డబ్బాల వెనక రాతలు చదివి నేర్చుకున్నది ఇది.

డబ్బా మీద అంకెల సంగతి

5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అని చూసుంటారు. ఇందులో ‘డబ్ల్యూ’ అంటే బరువు కాదు, వింటర్. దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. తక్కువైతే అంత మేలు. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మా ఊళ్లో చలికాలం తెల్లారుజామున కూడా అంత చలి కలలోకి కూడా రాదు. కాబట్టి మాన్యువల్ 5డబ్ల్యూ చాలంటే, 0డబ్ల్యూ కోసం అదనంగా పెట్టే డబ్బు మన దగ్గర పెద్దగా పనికి రాదు.

రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. దీన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు. 40 గ్రేడ్ 16.3 లోపు, 50 గ్రేడ్ 21.9 లోపు. బెల్లం పాకం గుర్తు తెచ్చుకోండి. పొయ్యి మీద జారుడుగా ఉంటుంది, దించితే చిక్కబడుతుంది. ఆయిలూ అంతే.

ఇప్పుడు మనందరి నమ్మకం దగ్గరికి వద్దాం. ‘ఎండలు జాస్తి, చిక్క ఆయిల్ పోయాల.’ బయట 43 డిగ్రీలు ఉన్నా, 25 ఉన్నా నడిచే ఇంజిన్‌లో కూలెంట్ వేడిని థర్మోస్టాట్ దాదాపు ఒకే చోట, 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంచడానికి చూస్తుంది. ఆయిల్ పనిచేసేది ఆ వేడిలో. మన ఎండ దానికి అంత పెద్ద లెక్క కాదు. ఇప్పటి ఇంజిన్లలో భాగాల మధ్య సందులు చాలా సన్నగా ఉంటాయి. అక్కడికి చిక్క ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ కూడా తగ్గిస్తుంది. వేడి ప్రాంతాలకు 40 గ్రేడ్ కూడా వాడొచ్చని మాన్యువల్లో టేబుల్ ఉంటే నిశ్చింతగా వాడండి. లేకపోతే మాత్రం సొంత వైద్యం వద్దు.

అక్షరాలు అంకెలకంటే ముఖ్యం

డబ్బా వెనక ఏపీఐ అని ఉండి, పక్కన రెండు మూడు అక్షరాలు ఉంటాయి. ‘ఎస్’తో మొదలైతే పెట్రోల్, ‘సి’తో మొదలైతే డీజిల్. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. పెట్రోల్‌లో ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో. డీజిల్‌లో సీఐ-4 2002 నాటిది, సీకే-4 2016 చివర్లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇవి వర్షన్ నంబర్లు. పెట్రోల్ కార్లలో పాత వర్షన్ అడిగిన ఇంజిన్‌కు కొత్తది మామూలుగా పోయొచ్చు. కొత్తది అడిగిన ఇంజిన్‌కు పాతది పోయకూడదు. డీజిల్ కార్లకు చాలాసార్లు యూరప్ వాళ్ల ఏసీఈఏ గుర్తు కూడా అడుగుతారు. అది కూడా మాన్యువల్లోనే ఉంటుంది.

ఇక్కడొక హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర బీఎస్-6 వచ్చింది. మీది బీఎస్-6 డీజిల్ కారై, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటే, దానికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే కావాలి. ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తులు అందుకే. అక్కడ తప్పు ఆయిల్ పోస్తే ఆ బూడిద మెల్లగా ఫిల్టర్లో పేరుకుంటుంది. ఆ ఫిల్టర్ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు మా 48 వేలు చిన్నగానే కనిపించొచ్చు. ఈ కార్ల వాళ్లు ఆయిల్ గుర్తు దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

సింథటిక్ అనే మాటకు ఎంత ఇవ్వొచ్చు?

ఆయిల్ డబ్బాలో ఎక్కువ భాగం బేస్ ఆయిల్, మిగతాది కలిపే మందులు. బేస్ ఆయిళ్లను ఐదు గ్రూపులుగా విడదీస్తారు. ఒకటి, రెండు గ్రూపులను మినరల్ అంటారు. మూడో గ్రూపు కూడా క్రూడ్ నుంచే వస్తుంది గానీ, బాగా శుద్ధి చేసి దాని అణువుల్ని మార్చేస్తారు. అమెరికాలో దీన్ని సింథటిక్ అని ప్రచారం చేసుకోవచ్చా లేదా అని మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల మధ్య గొడవ వచ్చింది. 1999లో ప్రకటనల వివాదాలు చూసే సంస్థ, అనొచ్చనే చెప్పింది. ఇవాళ షాపుల్లో ‘ఫుల్లీ సింథటిక్’ అని కనిపించే వాటిలో చాలావరకు ఈ మూడో గ్రూపువే. చెడ్డవి కావు, బాగా పనిచేస్తాయి. కాకపోతే ముందు వైపు బంగారు రంగు అక్షరాలకు కాకుండా, వెనక వైపు చిన్న అక్షరాలకు డబ్బులివ్వండి. ఒకే గ్రేడ్, ఒకే గుర్తు ఉన్న రెండు డబ్బాల మధ్య ధర తేడాలో ఎక్కువ భాగం పేరుకే పోతుంది.

ఇక లెక్క చేద్దాం. ఇవి మా చుట్టుపక్కల షాపుల్లో అడిగిన సుమారు ధరలు, మీ ఊళ్లో మారొచ్చు. మినరల్ లీటరు 350, సింథటిక్ 600 అనుకుందాం. కారుకు మూడున్నర లీటర్లు. ఫిల్టర్, లేబర్ కలిపి 350.

మినరల్: 1,225కు 350 కలిపితే 1,575. దాన్ని మెకానిక్‌లు 5 వేల కిలోమీటర్లకు మార్చమంటారు. కిలోమీటరుకు 31 పైసలు దాటింది.

సింథటిక్: 2,100కు 350 కలిపితే 2,450. పది వేలకు మార్చితే కిలోమీటరుకు 24.5 పైసలు.

కౌంటర్ దగ్గర 875 ఎక్కువ పెట్టిన ఆయిలే రోడ్డు మీద చవక! అయితే ఇది నాయనలా బండి బాగా తిప్పేవాళ్ల లెక్క. మీ కారు ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లే తిరిగితే కథ తిరగబడుతుంది. కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి కాబట్టి, సింథటిక్‌కున్న ఎక్కువ ఆయుష్షు మీకు వాడకంలోకే రాదు. మాన్యువల్ అడిగిన గుర్తు సెమీ సింథటిక్ డబ్బా మీద ఉంటే అది చాలు. మాన్యువల్ అడిగిన గుర్తు లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా వద్దు.

దుమ్ములో తిరిగే బండి వేరు

మాన్యువల్లో ఎవరూ చదవని పేజీ ఒకటుంటుంది. ‘కఠిన వాడకం’ అని. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న ట్రిప్పులు, ఇంజిన్ ఆన్‌లో పెట్టి గంటలు నిలబెట్టడం.. వీటికి గడువు తగ్గించమని రాస్తారు. అది చదివి నాయన నవ్వాడు: ‘‘ఇది మన మంగంపేట గురించే రాసినారు కదరా!’’

ముగ్గురాయి మెత్తని రాయే, గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద మూడు చుట్టుపక్కల ఉంటుంది. అసలు శత్రువు మట్టిరోడ్డు దుమ్ములోని ఇసుక. అందులోని క్వార్ట్జ్ ఏడు. మామూలు ఉక్కునే గీరేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా ఆ ఇసుక సిలిండర్లోకి, అక్కణ్నుంచి ఆయిల్లోకి చేరుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన ఆయిలైనా గరుకు కాగితమే. మేమిప్పుడు ఆయిల్‌ను పది వేలకు కాకుండా ఏడున్నర వేలకు మారుస్తున్నాం. ఎయిర్ ఫిల్టర్‌ను ట్రిప్పులు లేని రోజు తీసి చూస్తాం. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆయిల్ ఫిల్టర్ కూడా మారుస్తాం. పాత ఫిల్టర్లో మిగిలిన నల్ల ఆయిల్‌ను కొత్తదాంట్లో కలపడం, స్నానం చేసి మాసిన బట్టలు కట్టుకోవడం లాంటిది.

కొనేటప్పుడు

లూజ్ ఆయిల్ వద్దే వద్దు. గ్రేడ్, గుర్తు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ ఉన్న సీల్డ్ డబ్బానే తీసుకోండి. ప్రభుత్వ ఆయిల్ కంపెనీల బ్రాండ్లు.. ఇండియన్ ఆయిల్ సర్వో, భారత్ పెట్రోలియం మాక్, హెచ్‌పీ.. వాళ్ల బంకుల్లోనే దొరుకుతాయి. మీకు కావాల్సిన గుర్తు వాటి మీద ఉందేమో ముందు చూడండి. మాకు అక్కడే సరిపోయే డబ్బా దొరికింది. కంపెనీ బంకులో కొంటే నకిలీ భయం తక్కువ. వాడేశాక ఖాళీ డబ్బాకు మేకుతో నాలుగు బొక్కలు పెట్టండి. మంచి డబ్బాలు ఏరి, అందులో చెత్త ఆయిల్ నింపి అమ్మేవాళ్లు ఉంటారు.

సర్వీస్ సెంటర్‌కి ఇస్తే బిల్లులో ఆయిల్ గ్రేడ్, ఎన్ని లీటర్లు అన్నది రాయించుకోండి. బెంగళూరులో నా కారుకు ఒకచోట మూడు లీటర్ల చిల్లర పట్టే ఇంజిన్‌కు నాలుగున్నర లీటర్ల బిల్లు వేశారు. మాన్యువల్ పేజీ ఫోన్లో చూపించాను, తగ్గించారు. ‘ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్ వేయమంటారా సార్?’ అని అడిగితే, మాన్యువల్లో ఉందా అని తిరిగి అడగండి. వారంటీలో ఉన్న కారైతే ప్రతి బిల్లూ దాచుకోండి.

పాత ఆయిల్ సంగతి. మా దగ్గర దాన్ని చెదలు పట్టకుండా దూలాలకు పూస్తారు, మిగిలింది కాలవలో పోస్తారు. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. వాడిన ఆయిల్‌ను సేకరించి మళ్లీ శుద్ధి చేయించే బాధ్యతను కంపెనీల మీద పెడుతూ కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. ఇంట్లో మార్చుకుంటే క్యాన్‌లో పట్టి మెకానిక్‌కో, సేకరించే వాళ్లకో ఇవ్వండి.

రెండు నిమిషాల పని

ఇన్ని చెప్పినా, మా ఇంజిన్‌ను కాపాడగలిగింది ఒక ఇనుప పుల్ల. డిప్‌స్టిక్. బండి చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. పుల్ల తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. రెండు గీతల మధ్య ఆయిల్ ఉండాలి. కింది గీత దగ్గరుంటే అదే గ్రేడ్ కొంచెం కొంచెంగా పోయండి. పై గీత దాటించొద్దు, నురగ కట్టి అదీ చేటే. డీజిల్ బండిలో ఆయిల్ త్వరగా నల్లబడుతుంది, అది చూసి భయపడక్కర్లేదు. మజ్జిగలా తెల్లగా ఉంటే మాత్రం నీళ్లు కలిశాయన్నమాట. స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

ఇప్పుడు ప్రతినెలా ఒకటో తారీఖున నాయన వాట్సాప్‌లో డిప్‌స్టిక్ ఫొటో పెడతాడు. పాత బనీను గుడ్డ మీద పుల్ల, పక్కన ఆయన బొటనవేలు. నేను జూమ్ చేసి చూసి ‘ఓకే’ అని పెడతాను. మీటింగ్‌లో ఉన్నా సరే.

పెద్దమ్మ ఆ రోజు సాయంత్రం నాలుగు దాటాక ఆసుపత్రి చేరింది. డాక్టర్ వెళ్లిపోయాడు, వారం తర్వాత మళ్లీ పోవాల్సి వచ్చింది. ఆ ట్రిప్పుకు నాయన డబ్బులు తీసుకోలేదు.

ఆ ఫోన్లో నేనిచ్చిన సలహా గురించి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో మెకానిక్ భాయ్ ‘‘లైటు వచ్చినాక కూడా ఎందుకు తోలినావు?’’ అని గట్టిగా అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నాయన నా వైపు చూడకుండానే చెప్పాడు: ‘‘నాకు తెలీక తోలినాను లే.’’